పలక మీద నాలుగు ఆనవాళ్ళు

నా చిన్నప్పుడు ఇందుకూరుపేట డేరా హాలులో తెల్లవాళ్ళ సినిమా ఒకటి ఆడింది. అందులో ఒక మంత్రగత్తె ముఖానికి లోపల మేకులున్న ఇనుప ముసుగు పెట్టి, సుత్తితో కొట్టి చంపుతారు. ఏళ్ళ తరువాత ఆమె లేచివచ్చి, చంపినవాళ్ళ వంశం మీద పగ తీర్చుకుంటుంది. ముఖం నిండా మేకులు దిగిన గుంటలు. ఆ భాష మాకు రాదని హాలు మనిషి మైకులో కథ చెప్పాడు. మంత్రగత్తె అనకుండా ‘చేతబడి మనిషి’ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె మా వీధి మనిషైపోయింది.

మా వీధికి చేపలు తెచ్చే అత్త ఒకామె ఉండేది. ముఖమంతా అమ్మవారు పోసిన మచ్చలు. నాకు అప్పటికే ఏదైనా నంబర్లు వేసి రాసే అలవాటు. మరునాడు పలక మీద రాశాను: ఒకటి, ముఖాన గుంటలు. రెండు, మొగుడు లేడు. మూడు, తనలో తాను గొణుక్కుంటుంది. నాలుగు, ఆమె వచ్చిపోయిన రోజే పక్కింటి పాపకు జ్వరం.

నాకది ఆట. కానీ పక్కింటి మామ చదివాడు. పాపకు మూడు రోజులుగా జ్వరం దిగలేదు. మధ్యాహ్నానికి నలుగురు మగవాళ్ళు అత్తను బావి దగ్గర నిలబెట్టారు. ముందరి పళ్ళు పీకేస్తే చేతబడి మంత్రం పలకదని మావైపు నమ్మకం. ఒకతను పట్టకారు తెచ్చాడు.

మా అవ్వ నన్ను చెయ్యి పట్టుకుని, పలకతో సహా అక్కడికి లాక్కుపోయింది. “చదువు, అందరూ వింటారు” అంది. నాలుగూ చదివాను. అవ్వ ఆ మగవాళ్ళ వైపు తిరిగింది.

“నాకు మాత్రం మొగుడున్నాడా? పొద్దస్తమానం గొణిగేది నేను కాదా? ఆ రోజు పాపని ఎత్తుకుంది నేను, ఈమె గడపే తొక్కలా. పట్టకారు ముందు నాకే పెట్టండి. ఉండేది మూడు పళ్ళు, మీకు శ్రమ ఉండదు.”

ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. పలక మీద మొదటి ఆనవాలు మిగిలింది. అవ్వ గొంతు తగ్గింది.

“వీడి నాయనకి అమ్మవారు పోసినప్పుడు ఊరంతా తలుపులేసుకున్నారు. పక్కన కూర్చునింది ఈమె. ఆ గుంటలు మా ఇంట్లో వచ్చినవి.”

పట్టకారు తెచ్చినవాడు దాన్ని పంచెలో దాచుకున్నాడు. మామ పాపను ఎత్తుకుని నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరాడు. చదువురాని అత్త పలకను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“ఇందులో నా పేరు యాడ రాసినావు, అబ్బయ్యా?”

రాయలేదు. నాకు తెలియదు. ఆమె మళ్ళీ మా వీధికి రాలేదు.

యంత్రాలు తనిఖీ చేసి లోపాలు వరుసగా రాయడమే ఇప్పుడు నా ఉద్యోగం. వాటి విషయంలో చెయ్యి ఆగదు. మనిషి గురించి రాయాల్సి వస్తే మాత్రం ఒకటి అని వేయకముందే పేరు అడుగుతాను. ఆమె పేరు అవ్వకు తెలుసు. అవ్వ ఉన్నన్నాళ్ళూ అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.