అత్త సూది, ఐదేళ్ళ మాత్ర

పుస్తకం మీద రాసినవాడి పేరుంటుంది. అచ్చువేసినవాడి పేరుంటుంది. కుట్టినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. నేను చదివినవాటిలో సగం మా అత్త చేతిమీదుగా వచ్చినవే కాబట్టి ఈ సంగతి నాకు మరీ మండుతుంది.

గ్రంథాలయాల చిరిగిన పుస్తకాలు బాగుచేసే బైండింగ్ షాపులో ఆమెది ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. గ్రంథాలయం నుంచి ఆ పుస్తకాల మూటలు మోసుకొచ్చే పని నాది. కింద గదిలో కటింగ్ మిషన్, మేడమీద కిటికీ పక్కన అత్త బల్ల. పొద్దున తొమ్మిదింటికి సూది పట్టుకుంటే భోజనాల వేళకు ఒక లావు పుస్తకం విడి ఫారాల్లోంచి, అంటే మడిచిన కాగితాల కట్టల్లోంచి, లేచి నిలబడేది. ఆ సూదిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. బల్లకు అవతలి కొసన అట్టలకు పిండిబంక పూసే పెద్దాయన కూర్చునేవాడు. ఆయన్ని అందరూ బంకమామ అంటారు. కుట్టు నేర్పమని ఆయన ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాడు. "ఆ చేతుల్తో నువ్వు దారం ముట్టుకుంటే పుస్తకం నీకే అతుక్కుంటుంది" అని ఆమె ఇరవై ఏళ్ళుగా తోసిపుచ్చుతోంది.

రెండేళ్ళ కిందట అత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. షాపులో మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పింది. ఆ తర్వాత డాక్టరు రోజుకో మాత్ర చొప్పున ఐదేళ్ళు వాడమంది. ఆమెకు వచ్చిన రకం క్యాన్సర్‌కు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మేత లాంటిది. ముట్లుడిగాక అండాశయాలు దాన్ని తయారుచేయడం మానేస్తాయి గాని, ఒంట్లోని కొవ్వు, మరికొన్ని భాగాలు కొద్దికొద్దిగా చేస్తూనే ఉంటాయి. మాత్ర ఆ దారి మూస్తుంది. అయితే కొందరికి కీళ్ళు బిగుసుకుంటాయి. అత్తకు ఆ బిగువు వేళ్ళలోనే వచ్చి కూర్చుంది. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు.

అప్పుడే ఏడు సంపుటాల పాత నిఘంటువు ఒకటి షాపుకు వచ్చింది. అత్త చెయ్యి ఉందన్న ధీమాతోనే యజమాని ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు ఆమె వేళ్ళు వాటంతటవే బాగుపడ్డాయి. నేనూ సంతోషించాను, మందులు తేవడానికి పాత మాత్రల అట్ట చేతిలోకి తీసుకునే వరకు.

"ఏంటత్తా ఇది? నెలంతా కలిపి నాలుగే వేసుకున్నావు."

"ఆదివారం ఆదివారం వేసుకుంటున్నాగా."

"వారానికి ఒకటా?"

"బంక ఒకసారి పట్టిందంటే పట్టిందే. రోజూ పూస్తామా ఏంటి? మందూ అంతే."

"నీ ఒళ్ళు అట్ట కాదు."

"నాలుగు పుస్తకాలు చదివి డాక్టరువైపోయావా? ముట్లుడిగి ఎనిమిదేళ్ళయింది. ఇంకా ఆ హార్మోను నాలో ఎక్కడేడ్చింది?"

"కొవ్వులో ఉంటుందత్తా."

"కొవ్వు నాకు కాదురా, నీ నోటికి ఉంది."

ఆ తర్వాత బొటనవేలు రుద్దుకుంది. చివరికి, "సూది పోతే అక్కడ నేనెవర్నిరా? బల్ల తుడిచే మనిషిని" అంది.

ఆ షాపు నిన్ను ఏం ఉద్ధరించిందని ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నావని అడిగాను. అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆసుపత్రికి పద. అక్కడ నువ్వు నోరు విప్పావంటే నీ సంగతి చెబుతా."

డాక్టరు ఇంకా ఏమీ అడగలేదు, అత్తే మొదలుపెట్టింది. "మేడమ్, మూడు నెలల్నించి వారానికి ఒక్కటే వేసుకుంటున్నాను. తప్పు నాదే. వేళ్ళు బిగుసుకోవడం మాత్రం మీ మాత్ర చలవే."

డాక్టరు రాయడం ఆపి, అత్త చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ వంచి చూసింది. "నాకు ముందే చెప్పాల్సిందమ్మా. వేసుకోని రోజుల్లో ఆ హార్మోన్ మళ్ళీ లేస్తుంది."

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే ఇది బంక కాదన్నమాట. బరువు."

"బరువేంటి?"

"తడి అట్ట మీద బరువు పెడతాం మేడమ్. ఆరకముందే తీశామా, అట్ట వంకరపోయి లేస్తుంది."

"మరి మీ అట్ట ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"మీరే అన్నారుగా, ఐదేళ్ళని."

డాక్టరు నవ్వింది. అదే జాతిలో వేరే మాత్ర రాసింది. సరిపడొచ్చు, పడకపోవచ్చు, పడకపోతే తనకు చెప్పాలి గాని సొంతంగా ఆపకూడదంది. ఈ మందులతో ఎముకలు పలచబడే ప్రమాదం ఉందని వాటికో పరీక్ష రాసి, రోజూ నడవమంది.

కొత్త మాత్రతో బిగువు తగ్గింది గాని పోలేదు. పొద్దున పదకొండు దాటితే గాని వేళ్ళు మాట వినేవి కావు. నెల చూసి, ఒక సోమవారం నేను మూట దింపుతుండగా అత్త యజమానిని మేడమీదికి పిలిచింది.

"నాకు రాళ్ళూ లేవు, రప్పలూ లేవండీ. రొమ్ము క్యాన్సర్ వచ్చింది, తీయించుకున్నాను. ఐదేళ్ళు మాత్ర వేసుకోవాలి. దానివల్ల పొద్దునపూట నా వేళ్ళు వంగవు."

యజమాని ఫ్యాను వైపు చూశాడు. "పోనీ కొన్నాళ్ళు ఇంటిదగ్గర విశ్రాంతి..."

"విశ్రాంతి అడగలేదండీ. పొద్దునపూట కుట్టడానికి ఇంకో చెయ్యి అడుగుతున్నాను." ఆ మాటంటూనే బంకమామ వైపు తిరిగింది. "కడుక్కుని రా మామా. సబ్బుతో."

ఆయన వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. సూది ఆయన వేళ్ళకిచ్చి, అత్త ఆయన మణికట్టు పట్టుకుంది.

"గట్టిగా లాగకు, కాగితం తెగుతుంది. వదిలేయకు, ఫారం జారుతుంది."

"రెంటికీ మధ్య ఎంతమ్మా?"

"నోటితో చెప్పేదైతే ఇరవై ఏళ్ళ కిందటే చెప్పేదాన్ని. కుట్టు."

ఆయన కుట్టిన మొదటి నాలుగు ఫారాలూ ఆమె విప్పించింది. అయిదోది ఉంచింది.

చివరి సంపుటం పదిహేను రోజులు ఆలస్యమైంది. గ్రంథాలయం నుంచి ఫోన్ వస్తే యజమాని ఏదో సాకు వెతుక్కుంటున్నాడు. అత్త ఫోన్ లాక్కుని ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలామె కోప్పడుతుందేమోనని నేను దగ్గరికి జరిగాను. అవతల ఆమె గొంతు తగ్గించి ఏదో చెబుతూనే ఉంది. అత్త కిటికీ వైపు తిరిగి నిలబడి, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా అంతా వింది.

"మీకూ వేళ్ళేనా, మోకాళ్ళా?" అని అడిగింది. "మాత్ర మానేయకండి. ముందు డాక్టరుతో చెప్పండి. కాదు, రేపు కాదు, ఇవాళే."