కుచ్చు తోక

ధవళేశ్వరం దిగువన లంకల ఇసుకలో ఎడారి ఎలుక ఉందని, జువాలజీ పాఠాలు చెప్పుకునే నాకు పదేళ్ళుగా అనుమానం. తోక చివర కుచ్చుంటే అదే జాతి. ఇవాళ పొలాల్లో ఎలుకలు పట్టే వెంకన్నగారు ఒకటి తెచ్చారు. దానికి తోక లేదు.

"తోకేదండీ?"

"కోసి రైతుకిచ్చేశానండి. తోకలు చూపిస్తేనే కదండీ ఎన్ని పట్టామో నమ్ముతారు. ఈపాటికి కాలవలో పారేసుంటారు."

మళ్ళీ ఆయనే అన్నారు. "దీనికి మటుకు చివర నల్ల కుచ్చుందండి. అలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

తోక కావాలని ముందే చెప్పకపోవడం నా తప్పే. ఎలుకను సీసాలో పెట్టి లేబుల్ మీద చోటు, తేదీ రాశాను. జాతి పేరు రాయలేదు. వెంకన్నగారి మాట నేను నమ్మాను. తోక చూపించకుండా చెబితే, మీరు నన్ను నమ్ముతారా?