ఒక్క డబ్బాల రెండు ఆఫ్రికా గొల్లభామలు

ఒకటి నాలుగు రూపాయలన్న సరుకును జోడీ ఐదుకు దింపిన మొనగాణ్ణి నేను. బేగంబజార్‌ల గిన్నెల దుకాణం మాది. గల్లా పక్కన పెరిగినోనికి ఏదైనా ఒక్కటే కొనుడంటే నామోషీ.

సరుకు ఏందంటే, ఆఫ్రికా గొల్లభామలు. దుకాణం పనిమీద బొంబాయి పోతున్నా అంటే, కిషన్‌బాగ్‌ల ఉండే మా సైన్సు సారు అడిగిండు: "ఓడలోళ్ళ దగ్గర దొరికితే ఒకటి తేరా. రెక్కల మీద కన్నున్న జాతి. బొమ్మల్లనే చూసిన." సారు కండ్లకు పొర కమ్ముతున్నది. ఇంకో నెల చూపుంటదో లేదో.

"అలగ్ అలగ్ రఖ్‌నా భాయ్," అని బొంబాయి రేవుల ఓడ ఖలాసీ, వేరువేరు పెట్టుమంటూ రెండు డబ్బాలు తీసిండు. డబ్బా అమ్ముకునే ఉపాయమనుకున్న. ఒక్కదాంట్లనే రెండూ వేయించిన.

మధ్యాహ్నం బండెక్కిన. మూడో తరగతి, పదమూడు రూపాయలు; అది దుకాణం ఖర్చు. పుణె దాటినంక మూత తీస్తే, రెండూ ముందుకాళ్ళు ముడుచుకొని కూసున్నయి.

"దండం పెడుతున్నయి బిడ్డా!" అన్నది పక్కనున్న అవ్వ.

తెల్లారి వాడి జంక్షన్ల చాయ్ తాగి మళ్ళ తీసిన. ఒక్కటే ఉన్నది. అడుగున నాలుగు రెక్కలు.

"మొగుణ్ణి మింగి మళ్ళ దండమా! నీ పెండ్లానికి సూపెట్టకు కొడుకా," అని అవ్వ ఒకటే నవ్వుడు. నాకు నవ్వు రాలే. ఇది గూడ చస్తే సారుకు ఏం చూపాలె? నాంపల్లి వచ్చేదాంక ఈగలు పట్టి వేసిన.

పదకొండుకు దిగి, పన్నెండణాలకు రిక్షా మాట్లాడుకొని కిషన్‌బాగ్ చేరిన. సారుకు జరిగింది చెప్పిన.

"వేరువేరు పెట్టాలని క్లాసుల చెప్పిన కదరా!"

"గా దినం దుకాణంల కూసున్న సార్."

సారు కిటికీ కాడికి జరిగి, భూతద్దం పట్టి, కలంతో మెల్లగ తాకిండు. గొల్లభామ ఒక్కసారి రెక్కలు విప్పింది. పసుపు మీద నల్లగ రెండు కండ్లు. సారు ముఖం దగ్గరికి తెచ్చి చానసేపు కదలలే.

"నన్నే చూస్తున్నదిరా," అన్నడు. తర్వాత నా భుజం తట్టి, "మగది దండుగ కాలేదులే. దాన్ని తినే ఇది ఇంతదూరం వచ్చింది. ఎంతయింది?"

"నాలుగు సార్," అని ఒక్కదాని ధరే చెప్పి తీసుకున్న.

అఫ్జల్‌గంజ్ బస్సుల రెండణాల టికెట్టు తీసుకొని లెక్క చూసుకున్న. రిక్షా, బస్సు పక్కన పెడుదాం. బేరమాడకుంటే గొల్లభామ నాలుగు రూపాయలకు వచ్చేది. ఆడినందుకు ఐదు పడ్డది.