రెండో పేజీ

సారు పోయారని మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మెసేజీ వచ్చింది. పాత విద్యార్థుల గ్రూపులో అందరూ ఆయన మంచితనం గురించి రాస్తున్నారు. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆయన మాకు క్లౌడ్ కంప్యూటింగ్ నేర్పారు. సర్వరూ డేటాబేసూ కలిపి ఇంటర్నెట్‌లో నిలబెట్టిన ఒక్కో ఏర్పాటును డిప్లాయ్‌మెంట్ అంటారు. నల్ల తెర మీద ఒక్క లైను కమాండ్ కొడితే ఉన్నవన్నీ జాబితాగా వస్తాయి. ఫిల్టర్‌లో ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న పేర్లే వస్తాయి. ఒక్కో బ్రాంచి పిల్లలు చేసిన వాటికి ఆ బ్రాంచి పేరే పెట్టేవాళ్లు. ఇంత చిన్న పాఠాన్ని ఆయన వారం రోజులు చెప్పేవారు. మాకు నవ్వొచ్చేది. ఏదైనా తీసేసే ముందు జాబితా మొత్తం కాగితం మీద రాసుకుని, తీసేయాల్సిన వాటి పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు.

"మా నాయిన పోచంపల్లిల మగ్గం మీద బట్ట కోసే ముందు ఈ కొసకెల్లి ఆ కొస దాంక చూస్తుండె. కోసినంక మళ్ల అతకదు గద," అనేవారు.

కోర్సు అయ్యాక నేను ఆయనకు సాయంగా అక్కడే చేరాను. ఒకరోజు పొద్దున్నే అలా జాబితా రాసిన కాగితం చేతికిచ్చి, "దిల్‌సుఖ్‌నగర్ బ్యాచ్ అయిపోయింది. గవి తీసెయ్యమ్మా. జర మొత్తం చూస్కో," అని క్లాసుకు వెళ్లారు. దిల్‌సుఖ్‌నగర్ అని ఇంగ్లీషులో రాయబోతే నాకు ఎప్పుడూ ఒక అక్షరం తప్పేది. ఎందుకొచ్చిన గొడవలే అని, కాగితం పక్కన పెట్టి, ఫిల్టర్‌లో ఉత్త 'నగర్' అని కొట్టాను. మొదటి పేజీ నిండా దిల్‌సుఖ్‌నగర్ పేర్లే. రెండో పేజీ తిప్పి చూడకుండానే, వచ్చినవన్నీ ఒకేసారి తీసేశాను. రెండో పేజీలో ఎల్బీ నగర్ పేర్లున్నాయి.

ఎల్బీ నగర్ బ్రాంచి పిల్లలు ఆ మధ్యాహ్నమే ఒక కంపెనీ వాళ్లకు ప్రాజెక్టులు చూపించాలి. నెలల తరబడి చేసిన పని పోయింది. సెంటర్ ఓనరు కేకలేస్తుంటే సారు నా వైపు చూడనైనా చూడకుండా, "నా చేతులనే పోయినయ్ సార్," అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

తర్వాత నన్ను కిందికి తీసుకెళ్లి, "చాయ్ తాగు. పరేషాన్ గాకు," అన్నారు. అంతే. ఆయనకు మళ్లీ క్లౌడ్ క్లాసులు ఇవ్వలేదు, టైపింగ్ నేర్పమన్నారు. నాకేమో ఆయన సిఫారసుతోనే ఉద్యోగం వచ్చింది. ఎక్కడ ఎదురుపడతారోనని కొత్తపేట రైతుబజారుకు వెళ్లడం మానేశాను. ఇంతకంటే సిగ్గులేని పని నేనేదీ చేయలేదు.

పదకొండో రోజున సరూర్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఆ కాగితం ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. సారు భార్య చేతిలో పెట్టి, "ఆ రోజు తప్పు సారుది కాదమ్మా, నాది," అన్నాను.

"ఎరుకే బిడ్డా. ఆ దినమే చెప్పిండు," అంది ఆమె. "ఎప్పుడన్న ఒస్తదని చూసిండు. ఒస్తే ఏమనకు అని నాకు చెప్పి పెట్టిండు. నువ్వే రాకపోతివి," అంది.

ఆమె కాగితం మడత విప్పి ఆయన ఫొటో ముందు పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ పేర్ల పక్కన టిక్కులు. కింద ఎల్బీ నగర్ పేర్ల పక్కన, పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో: 'ఇవి ముట్టకమ్మా.'