చెమట పట్టని మనిషి

కళావతి కూలరు కొన్ననాడు బూర్గంపాడు చివర ఉన్న మా కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది. రేకుల ఇంట్లో కూలరా! మంచాన పడ్డవాడికి రాజభోగమా! పక్కింటిదాన్ని కాబట్టి నాకు సంగతి తెలుసు. మిగతావాళ్లకు తొంగిచూడటానికి తీరిక ఉండేది గానీ, ఎందుకమ్మా అని అడగడానికి నోరు రాలేదు.

ఆమె మొగుడు జంపయ్య చింతకాయ దులపడానికి చెట్టెక్కి జారిపడ్డాడు. మెడనరం దెబ్బతిని, కింద ఒళ్లంతా చచ్చుబడింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు కళావతిని కూర్చోబెట్టి చెప్పాడు. ఇక అతనికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు, ఎండాకాలం చల్లగా ఉంచకపోతే ప్రాణం దక్కదు అని. ఆమె మెడలో బంగారు గుండ్లు అమ్మేసి, ఎవరో వాడి పక్కన పడేసిన రేకు కూలరు తెచ్చి మంచం దగ్గర పెట్టింది.

కూలరు మంచిదే. పాడువి మా నల్లా నీళ్లు. బోరు నుంచి ట్యాంకుకెక్కి వచ్చే ఆ నీళ్లకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లటి ఉప్పు కడుతుంది. కూలరులో నీళ్లు పైకి తోసే చిన్న మోటారుకు ఆ ఉప్పే పేరుకుని వారం తిరక్కముందే బిగుసుకునేది. కూలరు పక్కల గడ్డి గట్టిపడి పెళుసుగా రాలేది. కళావతి మోటారు విప్పి, నిమ్మరసంలో నానేసి, పిన్నీసుతో గీకి మళ్లీ బిగించేది. "మొగుడి కన్న దీనికే ఎక్కువ సేవ చేస్తున్ననక్కా" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఆ దేవుడి మీద ఒళ్లు మండిపోయేది.

రెండు వేల మూడు మే నెలలో ఎండలు నిప్పులు చెరిగాయి. కళావతి కిన్నెరసాని వాగుకు బిందె పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. వాగు ఎండిపోయినా ఇసుకలో మేం తవ్వుకున్న చెలిమ ఉంది. గుంటలో ఊరే ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, ఉప్పు కట్టవు. అవి పోస్తున్నన్ని రోజులూ మోటారు మొరాయించలేదు. జంపయ్య మొహం తేటపడింది. కానీ చెలిమ నీళ్లు తాగడానికే, అదీ రోజుకు ఇంటికి ఒక్క బిందే. అది మా ఆడవాళ్లందరం పెట్టుకున్న కట్టుబాటు. కళావతి రెండో బిందె ముంచుతుంటే మా కాలనీ పూలి చెయ్యి పట్టుకుంది.

"ఏందే, తాగ నీళ్లు లేక మా పిల్లలు సస్తుంటే నీ మొగుడికి సల్లగాలి కావాల్నా?"

"గట్ల కాదు పూలక్కా. ఆయనకు చెమట పట్టదు. డాక్టరే చెప్పిండు."

"చెమట పట్టని మొగుడా! అదృష్టమంటే నీదేనే. మావోడి చొక్కాలు ఉతకలేక నేను సస్తున్న!"

చెలిమ చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. "నీ నోట్లో మన్ను పడ! తనదాకా వస్తే తెలుస్తది" అని నేను పూలి మీద లేచాను. లేచి ఏం లాభం? చెలిమ అడుగంటుతోంది, దాని పిల్లలూ దాహంతో ఉన్నారు. నా బిందెలో సగం కళావతికి పోశాను. ఆ సగం కూలరుకు ఏ మూలకు? మళ్లీ నల్లా నీళ్లే గతి అయింది.

నాలుగు రోజులు తిరక్కుండానే, మిట్టమధ్యాహ్నం, కూలరు వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి మోటారు బిగుసుకోవడమే కాదు, కాలిపోయింది. "అక్కా, గుడ్డ తడుపుతుండు, జల్ది వస్త" అంటూ కళావతి కొత్త మోటారు కోసం భద్రాచలం పరుగెత్తింది.

జంపయ్య ఒళ్లు పెనంలా కాలుతోంది. తడిగుడ్డ అలా వేస్తే ఇలా వెచ్చబడుతోంది. నుదురు తడిమి చూశాను. ఒక్క చుక్క చెమట లేదు. అంత ఎండలో నా ఒళ్లు కారిపోతోంది, అతని ఒళ్లు ఎండిన కట్టెలా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"కళ వచ్చిందా వదినా?"

"వస్తది. బస్సెక్కి ఉంటది."

కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగలేదు.

కళావతి మోటారు సంచితో గడపలోకి వచ్చి, నా మొహం చూసి అక్కడే కూలబడింది. సంచి విసిరికొట్టి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.

పొద్దువాలేసరికి శవానికి స్నానం చేయించాలన్నారు. ఇంటింటి నుంచీ ఒక్కో బిందె వచ్చి వాకిట్లో చేరింది. అన్నీ చెలిమ నీళ్లే. అందరికన్నా ముందు పూలి తెచ్చింది, వెక్కి వెక్కి ఏడుస్తూ.

"ఆఖరి తానమే కళావతీ. మంచినీళ్లతో పోద్దాం."

కళావతి ఆ బిందెల వంక చూసింది.

"ఇప్పుడాయనకు ఏ నీళ్లైతేంది పూలక్కా? తీస్కపోండ్రి. మీ పిల్లలు తాగుతరు."

ఎవరి చెయ్యీ బిందె మీదకు పోలేదు. కళావతే లేచి వెళ్లి నల్లా తిప్పింది.