అవాతిఫ్ అక్క మందుల సీసా

నిన్న పొద్దున ల్యాబ్‌కి బయల్దేరుతుంటే వాట్సాప్ మెసేజ్ వచ్చింది. అవాతిఫ్ అక్క కూతురు పంపింది.

"ఆంటీ, అమ్మ ఇక లేదు" అని.

ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

గుండె ఆగిపోయిందట. ఫోన్ చేసి నేను ముందు అడిగింది అదే, ఎలా పోయిందని. ఆ పిల్లకి అర్థమైంది నేనెందుకు అడిగానో. "గుండే ఆంటీ, వేరే ఏం కాదు" అంది. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు.

సూడాన్ మనిషి. తొంభైల్లో దోహాలో మేమిద్దరం ఒకే ప్రైవేట్ క్లినిక్‌లో పనిచేశాం. ఆవిడ నర్సు, నేను ల్యాబ్ టెక్నీషియన్. హైదరాబాద్‌లో నర్సింగ్ చదివింది కాబట్టి తెలుగు వచ్చు.

బాగా నలుపు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే అక్కడ అందరూ ముందు చూసేది అదే, మనవాళ్ళతో సహా. "ఆమె చేత ఇంజెక్షన్ వద్దు" అనే పేషెంట్లు ఉండేవారు. అక్క నవ్వుతూ సిరంజి ఇంకో నర్సుకిచ్చి వెళ్ళిపోయేది.

ఆ నవ్వు చూసి ఈవిడకి ఏదీ పట్టదు కాబోలు అనుకునేదాన్ని.

ఒకరోజు స్టోర్ రూమ్‌లో గోడకి ఆనుకుని వణుకుతూ కనిపించింది. చేతిలో మాత్ర ఉంది, నీళ్ళు లేవు. నీళ్ళు తెచ్చిచ్చాను. అప్పుడు చెప్పింది, మనసుకి జబ్బని. చదువుకునే రోజుల్లోనే మొదలైందట. హైదరాబాద్ డాక్టరు రాసిన మందులు రోజూ వేసుకుంటే మామూలుగా ఉంటుంది. మానేస్తే ముందు నిద్ర పట్టదు, తర్వాత లేని గొంతులు వినిపిస్తాయి.

"ఇక్కడ పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చుగా అక్కా?" అన్నాను.

"ఫైలు అయితది. కఫీల్‌కి తెలుస్తది. నువ్వు ఏడిస్తే పాపం, అలసిపోయింది అంటరు. నేను ఏడిస్తే పిచ్చిది అంటరు. కోపం చేస్తే నల్లోళ్ళు ఇంతే అంటరు. అందుకే నవ్వుకుంట ఉంట."

కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. ఇలాంటి జబ్బు బయటపడితే వీసా కాన్సిల్ చేసి పంపించేస్తారని మా అందరి భయం. నిజమో కాదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఏడాది నేను లీవ్‌కి వెళ్తుంటే ఆరు నెలల మందులు తెమ్మంది. ప్రిస్క్రిప్షన్ కాపీ ఇచ్చి, "ఇది మందులతోనే ఉంచు" అని రెండుసార్లు చెప్పింది.

తెచ్చాను. కానీ నాకో భయం పట్టుకుంది.

లీవ్ నుంచి వచ్చినవాళ్ళ పెట్టె హాల్లో అందరి ముందూ విప్పడం తెలుగువాళ్ళం కలిసి ఉండే మా ఫ్లాట్‌లో ఆనవాయితీ. ఎవరి ఉత్తరాలు వాళ్ళకి, ఎవరి పచ్చడి వాళ్ళకి. ఆ మందులు చూస్తే ఎవరివని అడుగుతారు. అక్కవని చెప్పలేను. నావనుకుంటే? అప్పుడు ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. దోహా నుంచి మా ఊరు తెనాలికి కబురు చేరడానికి ఒక్క ఫోన్ చాలు.

బొంబాయి ఎయిర్‌పోర్ట్ బాత్రూమ్‌లో స్ట్రిప్పులన్నీ చించి మాత్రలు విటమిన్ సీసాలో పోశాను. 'మానసిక వైద్య నిపుణులు' అని ఉన్న ప్రిస్క్రిప్షన్ కాపీ ముక్కలు చేసి పారేశాను. లేబుల్ సరిగ్గా లేని సీసా ముట్టుకోవద్దని రోజూ పదిమందికి చెప్పే ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను.

దోహా కస్టమ్స్ ఆఫీసర్ సీసా మూత తీసి అరచేతిలో పోసుకున్నాడు. రెండు రంగుల మాత్రలు.

"విటమిన్?" అన్నాడు.

పాస్‌పోర్ట్ తీసుకుని పక్క గదిలో కూర్చోబెట్టారు. జైలు, అమ్మ, ఊళ్ళో వాళ్ళ మాటలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

ఇంకో ఆఫీసర్ వచ్చి ఎవరివని హిందీలో అడిగాడు.

"నావి కావు. బయట ఒక నల్లామె నిలబడి ఉంది. ఆమెవి" అన్నాను.

పేరు కూడా చెప్పలేదు. రెండేళ్ళు అక్కా అక్కా అంటూ తిరిగినదాన్ని.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషిని అలా లోపలికి పిలిపించాను. డ్యూటీ డ్రెస్‌లోనే వచ్చింది. అరబిక్‌లో మాట్లాడింది. తల మీద చెయ్యి పెట్టి చూపించింది. పర్సులోంచి అసలు ప్రిస్క్రిప్షన్ తీసి బల్ల మీద పరిచింది. వాళ్ళు డాక్టర్ని పిలిపించారు. గంటన్నర పట్టింది. అంతసేపూ అక్క గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. ఆ రెండిట్లో ఏది చేసినా తను చెప్పేది వినరని ఆవిడకి తెలుసు.

వదిలేశారు. మందులు మాత్రం ఇవ్వలేదు.

టాక్సీలో నేను ఏడుస్తుంటే, "భయపడ్డవ్. నాకు తెలుసు. నేను రోజూ భయపడ్త" అంది. అంతే. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అక్క దగ్గర నాలుగు రోజుల మందులే మిగిలాయి. మూడోరోజు తనే పెద్దాసుపత్రికి వెళ్ళి ఫైలు తెరిపించుకుంది. నేను తోడు వెళ్ళలేదు. తెలుగువాళ్ళెవరైనా చూస్తారని.

క్లినిక్ మేనేజర్‌కీ తనే చెప్పింది. ఉద్యోగం పోలేదు కానీ, ఇంజెక్షన్ రూమ్ నుంచి తీసి పదకొండు నెలలు ఫైళ్ళ గదిలో వేశారు.

కామెంట్స్‌లో స్ట్రాంగ్ ఉమన్ అని దయచేసి రాయకండి. ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మంట. "స్ట్రాంగ్ అంటరు, కూసోనీకి కుర్చీ ఇయ్యరు" అనేది.

ఈ పోస్ట్ పొద్దున్నుంచి మూడుసార్లు డిలీట్ చేశాను. మాకు కాబోయే వియ్యాలవారు కూడా దీన్ని చదువుతారు.

ఎనిమిదేళ్ళుగా నేనూ మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాను. రోజూ మాత్ర వేసుకుంటాను. మా ఆయనకీ అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు.

మొదటిసారి వెళ్ళినరోజు గేటు దగ్గరే ఆగిపోయి, అప్పటికే సొంత దేశం వెళ్ళిపోయిన అక్కకి సూడాన్‌కి ఫోన్ చేశాను. డాక్టరు గది తలుపు దాకా అక్క లైన్లోనే ఉంది.

నేను ఆవిడతో వెళ్ళలేదు. ఆవిడ నాతో వచ్చింది.

క్షమించు అక్కా. ఇక ఏ భయమూ లేకుండా, హాయిగా పడుకో.