పెద్దమ్మ సగం పాస్‌వర్డ్

మా పెద్దమ్మ నడుము దాకానే కుడుతుంది. చొక్కాలు, జాకెట్లు, చేతుల్లేని కోట్లు. అక్కణ్ణించి కిందికి దిగదు. ఎవరైనా ప్యాంటు పట్టుకుని గుమ్మమెక్కితే, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే పక్క గుమ్మం వైపు గడ్డం ఊపుతుంది. పక్క గుమ్మంలో ఉండేది మా అమ్మ. ఆవిడ నడుము నుంచి కిందికి మాత్రమే కుడుతుంది. ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే, ఒకే మిషను మీద పని నేర్చుకున్నవాళ్ళే. ఇద్దరికీ కాజాలు కుట్టి గుండీలు వేసేదాన్ని నేను. అందుకని ఇద్దరి తిట్లూ నాకే.

తొమ్మిదేళ్ళ కిందటి దాకా అది ఒకే కొట్టు. ఒకాయన పొడుగు కోటు కుట్టించుకున్నాడు. పై భాగం పెద్దమ్మ కుట్టింది, కింది భాగం అమ్మ కుట్టింది. వేసుకుని అద్దం ముందు నిలబడితే ఎడమపక్కకి ఒరిగినట్టు కనిపించాడు. భుజం వంకర అంది అమ్మ. అంచు వంకర అంది పెద్దమ్మ. నన్నడిగితే మనిషే వంకర. నన్నెవరడిగారు?

మాటా మాటా పెరిగింది. కొట్టు మధ్య ప్లైవుడ్ గోడ లేచింది. మిషన్లు చెరి రెండు, కత్తెరలు చెరి మూడు. నిలువుటద్దం ఒక్కటే ఉంటే దాన్ని అడ్డంగా కోయించారు. పై ముక్క పెద్దమ్మకి, కింది ముక్క అమ్మకి. ఇప్పటికీ మా అమ్మ కొట్లో ఎవరి మొహం వాళ్ళకి కనిపించదు.

అన్నీ తెగాయి గానీ ఈమెయిలు తెగలేదు. కొట్టు పేరు మీద ఉచితంగా తెరిచిన అకౌంటు అది. ఎవరూ పైసా పెట్టలేదు కాబట్టి ఇది నాదని ఎవరూ అనలేరు, వదులుకోమంటే ఎవరూ వదులుకోరు. కొలతలు, ఆర్డర్లు అన్నీ దానికే వస్తాయి. బోర్డు మీదా బట్టల సంచుల మీదా అదే అచ్చయి ఉంది. "ఊరికే ఇచ్చేదానికి కొట్లాటేంటమ్మా, ఇంకోటి తెరుచుకుంటే పోలా" అని వీధంతా అంది. "ఆవిణ్ణే తెరుచుకోమనండి" అని గోడకి అటొకరు, ఇటొకరు.

చివరికి ఎదురుకొట్టు కళ్ళద్దాలాయన పెద్దమనిషిగా కూర్చుని తీర్పు చెప్పాడు. పాస్‌వర్డ్‌లో మొదటి సగం అక్కది, రెండో సగం చెల్లెలిది, ఒకరిది ఒకరికి తెలియకూడదు. ఆయన్ని నేనింకా క్షమించలేదు.

ఇక అప్పట్నించీ రోజూ పొద్దున పదింటికి, రెండు కొట్లకీ ఉమ్మడిగా మెట్ల కింద పెట్టిన కంప్యూటరు దగ్గర ఇద్దరూ చేరతారు. పెద్దమ్మ ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుని నొక్కుతుంటే అమ్మ గోడకేసి తిరుగుతుంది. అమ్మ నొక్కుతుంటే పెద్దమ్మ గోడకేసి తిరుగుతుంది. ఒక్క అక్షరం తప్పినా మళ్ళీ మొదటికి. ఎవరు తప్పారో తేలే దారి లేదు, అందుకని ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు తిట్లన్నీ కంప్యూటరుకే.

మాటల్లేవు కదా, ఏం చెప్పాలన్నా దానికే చెప్పుకుంటారు.

"కంప్యూటరూ, ఈ పెద్దాయన చొక్కా గురువారం ఇస్తానని రాస్తున్నాను."

"కంప్యూటరూ, ప్యాంటు శనివారం గానీ అవదని కూడా రాయి. కొందరికి తొందరెక్కువ."

"కంప్యూటరూ, కొందరికి చేతులే లేవవు."

పాపం ఆ పెద్దాయన గురువారం సగం, శనివారం సగం పట్టుకెళ్ళాడు. గౌనుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. గౌను కావాలని మెయిలొస్తే, అది ఎవరి వంతో తేలక వారాల తరబడి అలాగే పడి ఉండేది. ఒకావిడైతే, "నా గౌను ఒక్క ముక్కగానే వస్తుందా?" అని రాసి అడిగింది. పైకి ఒకరు, కిందికి ఒకరు జవాబిచ్చారు.

పోయిన నెలలో అమ్మకి మోకాలు వాచి ఐదు రోజులు మంచం దిగలేదు. ఐదు రోజులూ మెయిలు తెరవలేదు. పదిహేను మంది బ్యాండువాళ్ళకి బట్టల ఆర్డరొకటి వచ్చి, జవాబు లేక వేరే కొట్టుకి పోయిందని వీధిలో తెలిసింది. నా ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే నా ఫోన్లో అమ్మకి కొత్త అకౌంటు తెరిచాను. నాలుగు నిమిషాలు పట్టింది.

"అంతేనా?" అంది అమ్మ. "ఇంత తేలికా?"

"అంతే. రేపట్నించి మెట్ల కిందికి పోయి గోడ చూడక్కర్లేదు."

అమ్మ ఊఁ అని అటు తిరిగి పడుకుంది. సంతోషమేమో అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మర్నాడు పదింటికి అమ్మ కొట్లోనే కూర్చుంది. కత్తెర తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. పెద్దమ్మకి సంగతి చెప్పి రావాలని నేను మెట్ల కిందికి వెళ్ళాను. ఆవిడ తన సగం నొక్కేసి అప్పటికే గోడకేసి తిరిగి కూర్చుంది. నా అడుగుల చప్పుడు విని అమ్మే అనుకుని, తల తిప్పకుండా, "కంప్యూటరూ, ఇవాళ ఆలస్యమైంది. మోకాలు తగ్గిందో లేదో" అంది.

"పెద్దమ్మా, నేను. అమ్మకి వేరే అకౌంటు తెరిచాను" అన్నాను.

"తనే తెరవమందా?"

"లేదు, నేనే."

"అడక్కుండా ఎందుకు తెరిచావే?" అంది, మెల్లిగా. "నాకు లేస్తూనే పదెప్పుడవుతుందా అని ఉంటుంది. దాని మొహం చూడను, నిజమే. కానీ అది వస్తుంది కదా. అర్ధగంట నా పక్కన ఉంటుంది కదా."

కొలతల పుస్తకంలోంచి కాగితం చింపి, పెన్సిల్‌తో ఏదో రాసి, మడిచి నా చేతిలో పెట్టింది. "మీ అమ్మకివ్వు. అకౌంటంతా అదే ఉంచుకోమను. అది రాకపోతే నాకెందుకిది?"

సిగ్గుతో చచ్చిపోయాను. తీసుకెళ్ళి ఇచ్చాను. ఏమిటో చెప్పే లోపే అమ్మ మడత విప్పి చదివేసింది.

"ఏంటిది?"

"పెద్దమ్మ సగం."

అమ్మ మొహం కందిపోయింది. "ముందే చెప్పి చావొచ్చు కదే. తొమ్మిదేళ్ళలో ఒక్క అక్షరం ఓరగా కూడా చూళ్ళేదు నేను."

కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత బల్ల పట్టుకుని లేచి, కుంటుకుంటూ మెట్ల కిందికి నడిచింది. పెద్దమ్మ ఇంకా గోడకేసే కూర్చుని ఉంది.

"అక్కా," అంది అమ్మ. "నీ సగం నాకు తెలిసిపోయింది. ఇక అది పనికిరాదు. కొత్తది పెట్టుకో."

పెద్దమ్మ ఇటు తిరిగింది. అమ్మ మొహం చూసింది. మోకాలు చూసింది. కుర్చీ ఖాళీ చేసి, "కూర్చో ముందు" అంది. తను నిలబడే కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"అటు తిరుగు మరి."

అమ్మ గోడకేసి తిరిగింది. పెద్దమ్మ వేలు కీబోర్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, మొదటి అక్షరం మాత్రం ఎంతసేపటికీ నొక్కలేదు. అమ్మ కూడా తొందరపెట్టలేదు.